వంతుల కారు

కారు వెనక టైరు మీద మొదలుపెట్టి కింద గచ్చు మీదికి దించుతూ సుద్దముక్కతో ఒక గీత గీసి, అప్పుడు గ్రంథాలయానికి బయల్దేరేవాణ్ని. చక్రం ఏమాత్రం కదిలినా ఆ గీత తెగుతుంది. కారును మళ్ళీ అదే చోటికి తెచ్చి ఆపినా టైరు మీది సగమూ గచ్చు మీది సగమూ కలవవు. ఈ ఉపాయం నాకెవరూ చెప్పలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువా నిండా అపరాధ పరిశోధక నవలలున్నాయి. వాటిలో డిటెక్టివులు తలుపు సందుకు వెంట్రుక అంటిస్తారు, గుమ్మంలో పిండి చల్లుతారు. మా షెడ్డులో పిండి చల్లితే కాసేపటికే చీమలు మోసుకుపోతాయి. అందుకని సుద్దముక్క ఎంచుకున్నాను.

మొదటిసారి గీత తెగి కనిపించిన సాయంత్రం నేను అరవలేదు. ఫోన్‌లో టార్చి వేసి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. గచ్చు మీది గీత ఎక్కడిది అక్కడే ఉంది. టైరు మీది గీత పైకెక్కి మడ్‌గార్డు నీడలో దాక్కుంది. గచ్చు మీది గీతను చెప్పుతో చెరిపేసి, కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాను. చందువ చేప పులుసు. చాలా బాగుంది. రెండోసారి వేయించుకుని తింటూ, దొంగ ఎవరో నాకు తెలుసులే అనుకున్నాను.

దొంగ మా అన్నయ్య. ఆ విషయంలో నాకు పిసరంత సందేహం కూడా లేదు.

కారు మా నాన్నగారిది. మీగడ రంగు అంబాసిడర్, గేరు స్టీరింగు పక్కనే ఉండే పాత రకం. ముందు సీటు బల్లలా ఒకటే ఉంటుంది. నాన్నగారు బతికి ఉన్నంతకాలం దాని స్టీరింగు ఇంకొకరికి ఇవ్వలేదు. ఆయన పోయాక పంపకాలకు కూర్చున్నాం. పొలం పంచుకున్నాం, కొబ్బరిచెట్లు పంచుకున్నాం, ఇత్తడి గుండిగలు పంచుకున్నాం. కారు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాం. అన్నయ్య నాకు కావాలన్నాడు, నేను నాకు కావాలన్నాను. పెద్దమనిషిగా కూర్చున్న మా మేనమామ కండువాతో విసురుకుంటూ విసుక్కున్నాడు.

"దీనికింత ఆలోచనేంట్రా? దాళ్వాకి నీళ్ళెలా పెట్టుకుంటున్నారు? అలాగే వంతులేసుకోండి."

మా ప్రాంతంలో ఈ మాట ఎవరికీ వింతగా తోచదు. రెండో పంటకు, అంటే దాళ్వాకు, గోదావరిలో నీళ్ళు చాలనప్పుడు కాలువను వంతులవారీగా వదులుతారు. కొన్నాళ్ళు ఎగువ వాళ్ళకు, కొన్నాళ్ళు దిగువ వాళ్ళకు. ఎవరి వంతులో వాళ్ళు తడుపుకోవాలి, అవతలివాడి వంతులో తూము ముట్టుకోకూడదు. కారుకూ అదే పద్ధతి పెట్టాడు మామయ్య. ఒక పక్షం అన్నయ్యది, ఒక పక్షం నాది. తాళంచెవులు రెండున్నాయి గనక చెరొకటి తీసుకున్నాం.

వంతులతో పాటు ఒక గుణం కూడా వస్తుందని మామయ్య చెప్పలేదు. నా వాటాకు కాలువ చివరన ఉండే శివారు పొలం వచ్చింది. శివారు రైతు పొద్దున్నే చేను చూసుకుని, తడి తగ్గిందనిపిస్తే కాలువగట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. తన గట్టుకే ఎండ్రకాయలు కన్నం పెట్టి ఉండవచ్చు. అది చూడడు. తిన్నగా ఎగువవాడి తూము దగ్గరకే వెళ్తాడు. అన్నయ్య ఇల్లు కాలువకు ఎగువన, నా ఇల్లు దిగువన, మధ్యలో అరటితోట. కారు విషయంలోనూ నా చూపు ఆ అలవాటు ప్రకారమే పోయింది.

అన్నయ్యకు రొయ్యల చెరువులున్నాయి. తన వంతు వస్తే కారు డిక్కీలో మేత బస్తాలు వేసేవాడు. వెనక సీటు మీద, చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు పడుకోబెట్టేవాడు. గుంటల్లో దూకించేవాడు. తన వంతు అయిపోయాక కారు నా షెడ్డులోకి వస్తే రెండు రోజులు తలుపులు తీసి ఉంచినా చేపపొడి వాసన పోయేది కాదు.

"కారున్నది తిరగడానికిరా," అనేవాడు. "గుడ్డ కప్పి దాచుకోడానికి అదేవన్నా ఆవకాయ జాడీయా?"

"జాడీ పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు అన్నయ్యా. ఇది పోతే మళ్ళీ రాదు."

"పోతే పోద్ది. మనం పోమా?"

నాది వేరే దారి. నేను పదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనే, సాయంత్రం తలుపు తీసే వేళకు వెళ్ళి, లైబ్రేరియన్ గారు తాళంచెవుల గుత్తి గలగలలాడించేదాకా కూర్చుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతాను. ఒక్క పేజీకి ఒక సాయంత్రం పట్టిన రోజులున్నాయి. పాత వాహనాలను ఎలా కాపాడాలో చెప్పే పుస్తకం అలాగే చదివాను. ఎండ తగలకూడదు, చెమ్మ తగలకూడదు, రబ్బరు ఎండకూడదు, తయారైన నాటి భాగం ఒక్కటి కూడా మార్చకూడదు. ఇంకో పుస్తకంలో మాత్రం, నడవని యంత్రం లోలోపల పాడవుతుందని రాసి ఉంది. నాకు మొదటిది నచ్చింది. రెండోది రాసినవాడు అన్నయ్య లాంటి మనిషై ఉంటాడని ఆ పుస్తకం తిరిగి ఇచ్చేశాను.

నా వంతులో కారు బయటికి తీసేవాణ్ని కాదు. దసరా ఒక ఏడు నా వంతులో పడింది. బొట్లు పెట్టి, దండ వేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. నిమ్మకాయలు తొక్కించడానికి ఇంజిన్ వేయడం ఎందుకని వెనక నుంచి తోశాను. అరటితోట అవతల నుంచి అన్నయ్య చూశాడు.

"ఏవమ్మా," అని మా ఆవిడను కేకేశాడు, "మీ ఆయన కారు తోలడం నేర్చుకున్నాడా? చేతుల్తో తోలుతున్నాడు!"

మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకోసం చిన్నబుచ్చుకుందనుకున్నాను.

గీత తెగిన తర్వాత నేను నిఘా పెంచాను. నా వంతు నడుస్తున్న ఒక రోజు, గట్టు మీద టీకొట్టతను గ్లాసు అందిస్తూ అన్నాడు.

"నిన్న సాయంత్రం తవరి కారు మొగల్తూరు సెంటర్లో చూశానండి. మాంచి ఊపు మీదుందండి ఆయ్."

"నిన్నా? సరిగ్గా చూశావా?"

"ఆ రంగు కారు ఈ చుట్టుపక్కల ఇంకోటుందేంటండి?"

"ఎవరు తోలుతున్నారు?"

"అద్దం మీద ఎండ పడిందండి. కనపళ్ళేదండి." అతను పాలగిన్నె వైపు తిరిగిపోయాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలుసు. అన్నయ్యకు టీ అరువిచ్చే జట్టులో ఇతనూ ఒకడని మనసులో రాసుకున్నాను.

ఇంటికి వచ్చి కారు లోపలంతా వెతికాను. కాళ్ళకింద వేసే పట్టా ఎత్తితే ఇసుక. మా కాలువ ఇసుక కాదు, సన్నగా బూడిదరంగులో ఉంది. వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. వెనక సీటు కుట్టు సందులో గోరంత చేప పొలుసు మెరుస్తూ కనిపించింది. సముద్రం! నాన్నగారు ఆ కారును సముద్రం దరిదాపులకు కూడా పోనిచ్చేవారు కాదు. ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో నేను చదివి ఉన్నాను. అడుగు రేకు కింద మొదలుపెట్టి లోపలి నుంచి తింటుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది.

ఆ పూట నెత్తళ్ళ వేపుడు చేసింది మా ఆవిడ. కోపంలో కూడా అన్నం ఎక్కువే తిన్నాను.

"ఈమధ్య సముద్రపు చేప బాగా దొరుకుతున్నట్టుందే?" అన్నాను.

"గంపావిడ వస్తుందండి సాయంత్రాలు. మీరు లైబ్రరీలో ఉంటారు కదా," అంది.

మర్నాడు అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చెరువు లెక్కలు ఫోన్‌లో చూసుకుంటున్నాడు. ఇసుక కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్ళాను. అతని ముందు విప్పాను.

"ఏంట్రా ఇది? విభూతా?"

"నా వంతులో కారు సముద్రానికి వెళ్ళింది. నీ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది."

అన్నయ్య ఫోన్ పక్కన పెట్టాడు. "ఒరే పండితుడా, ఆ మాట నేనడగాలి. నా వంతులో పెట్రోలు ఎవడు తాగుతున్నాడు? సాయంత్రం మేత చల్లడానికి చెరువు మీదికెళ్ళి వచ్చేసరికి ముల్లు దిగిపోయి ఉంటంది. నువ్వు కాదా?"

"నేను గ్రంథాలయంలో ఉంటాను. రిజిస్టరులో సంతకం ఉంటుంది."

"సంతకం పెట్టేసి వచ్చేస్తే ఎవడు చూశాడు?"

అతను నన్ను అనుమానిస్తాడని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఎగువవాడికి దిగువవాడి మీద అనుమానం ఉండటం మా కాలువ మీద ఎక్కడా వినలేదు. ఇది కచ్చితంగా ఎత్తుగడే అనుకున్నాను. వదిన కాఫీ తెచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆవిడది తుని. మాటలో మొహమాటం ఉండదు.

"ఇద్దరూ పెద్దమనుషులే. ఇద్దరూ తియ్యలేదు. దెయ్యం తీసిందేమో మరిదిగారూ, మీ పుస్తకాల్లో చూడండి," అంది. అని ఆ ఇసుక పొట్లం తీసుకెళ్ళి తులసికోట దగ్గర దులిపేసింది. సాక్ష్యం పోయిందని నేను లబలబలాడాను.

ఆ తర్వాత గీత తెగడం మానేసింది. ఏ సాయంత్రం వచ్చి చూసినా గీత గీసినట్టే ఉంది. నా పొట్లం పనిచేసిందని మొదట సంతోషించాను. కానీ పట్టా కింద ఇసుక మళ్ళీ కనిపించేది. గీత కదలకుండా ఇసుక ఎలా వస్తుంది? కారును ఎత్తుకుపోతున్నారా? ఇంకో సంగతి కూడా పట్టి చూశాను. గీత నేను గీసినదాని కంటే నిటారుగా ఉంది. నా చేయి కొంచెం వణుకుతుంది, టైరు అంచు దగ్గర వంకర పోతుంది. ఈ గీతలో వంకర లేదు. అన్నయ్య ఇంత ఒడుపు ఎక్కడ సంపాదించాడా అని ఆశ్చర్యపోయాను.

ఇలాగైతే కారు దక్కదనిపించింది. వంతులున్నంతకాలం సగం రోజులు మేత బస్తాల పాలు, మిగతా సగం సముద్రం పాలు. దాన్ని ఎవరూ ముట్టుకోలేని చోట పెట్టాలి. తణుకు దగ్గర ఒక రైసు మిల్లు యజమాని పాత కార్లు సేకరిస్తాడని గ్రంథాలయానికి వచ్చే పత్రికలో చదివి ఉన్నాను. వెతుక్కుంటూ బస్సెక్కి వెళ్ళాను.

వాడుకలో లేని గోడౌన్‌ను ఆయన హాలులా మార్చాడు. చల్లగా ఉంది. నేల మీద ముఖం చూసుకోవచ్చు. కార్లు వరసగా ఇనుప స్టాండ్ల మీద ఉన్నాయి. చక్రాలు నేలకు తగలడం లేదు. ప్రతిదాని ముందూ ఒక పలక, దాని మీద ఎవరి కారో, ఏ ఊరిదో. మనిషి మర్యాదస్తుడు. నా కళ్ళజోడు చూసి కాబోలు, మొదటి మాటలోనే "రండి మాస్టారూ" అన్నాడు. ఆ పిలుపు నాకు ఇష్టమే.

"వీటిని నడపరా?" అడిగాను.

"అమ్మమ్మ! ఇంజిన్ ఆయిలు తీసేయిస్తాను మాస్టారూ. బ్యాటరీ తీసేయిస్తాను. పెట్రోలు చుక్క ఉండకూడదు. నాకు తిరిగే బండి వద్దు. తిరగడం మానేసిన బండి కావాలి. మీ నాన్నగారి పేరు పలక మీద వేయిస్తాను. మీరెప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు."

నేను కోరుకున్నది అక్షరాలా ఇదే. అయినా ఆ హాలులో ఏదో వెలితిగా తోచింది. కాసేపటికి తెలిసింది, అక్కడ పెట్రోలు వాసన లేదు. అన్ని కార్లున్నచోట అగరొత్తుల వాసన వస్తోంది. ఒకదాని బోనెట్ ఎత్తి చూడబోతే ఆయన నా చేయి మెల్లగా పట్టుకుని ఆపాడు. లోపల ఇంజిన్లున్నాయో లేదో, విడిభాగాలుగా అమ్ముకుంటున్నాడో ఏమో అని అనుమానం వచ్చింది. అయినా బయటపడలేదు. కారు చాలాకాలంగా కదలలేదని, ఎక్కడిది అక్కడే ఉందని చెప్పాను. అన్నయ్య వంతులు తీసేస్తే, ఈమధ్య నా గీతల లెక్క ప్రకారం అది నిజమే. వచ్చి చూస్తానన్నాడు.

అన్నయ్య ఒప్పుకోడనుకున్నాను. "నీ ఇష్టంరా. నేనెలాగూ మేతకి ట్రాలీ ఆటో కొంటున్నా. దీని గొడవ ఒదిలిపోద్ది," అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఇంజిన్ ఎప్పుడో మార్పించేసి ఉంటాడని ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా ఆవిడకు కూడా చెప్పాను, కారు తణుకు వెళ్ళిపోతోందని, అక్కడ స్టాండు మీద పెట్టి ముందు పలక వేయిస్తారని.

"వెళ్ళిపోతే ఇంక రాదా?" అంది.

"చూడ్డానికి వెళ్ళొచ్చు."

"చూడ్డానికా," అంది. తర్వాత సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దింది.

మిల్లు యజమాని చెప్పిన రోజు రాలేదు. ముందే వచ్చాడు. నేను గ్రంథాలయంలో ఉండగా ఫోన్ చేసి, నరసాపురం పెళ్ళికి వచ్చాననీ, దారిలోనే గనక చూసిపోతాననీ, ఇప్పుడు మా ఊరి వంతెన దిగాననీ చెప్పాడు. చెప్పకుండా రావడమే మనిషి లక్షణం చూపిస్తుంది, నన్ను పరీక్షించడానికే వచ్చాడు అనుకుంటూ సైకిల్ తొక్కాను. ఇంటిముందు ఆయన తెల్లకారు ఆగి ఉంది. ఆయన్ని షెడ్డు దగ్గరకు తీసుకెళ్ళి తలుపు బార్లా తీశాను.

షెడ్డు ఖాళీగా ఉంది. గచ్చు మీద సుద్దగీత సగం మాత్రం ఉంది.

"ఏదండీ బండి?" అన్నాడాయన.

నేను అన్నయ్యకు ఫోన్ చేసి, ఫోన్లో అనకూడని మాటలన్నీ అన్నాను. అతను చెరువు మీద నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. చేతుల నిండా మేతపొడి. తలపాగా కూడా విప్పలేదు.

"చూడు! నా చేతులు చూడు! చెరువులో ఉన్నవాణ్ణి కారెలా తోల్తాన్రా? నువ్వే ఎక్కడో దాచి నామీద పెడుతున్నావు."

"నేను దాచి, నేనే ఈయన్ని పిలుచుకుంటానా?"

"నీ పుస్తకాల బుర్రకి ఏదైనా చేస్తావు."

మిల్లు యజమాని ఒకసారి నన్నూ ఒకసారి అన్నయ్యనూ చూస్తూ, గడియారం తిప్పుకుంటున్నాడు. "కదల్లేదన్నారు కదా మాస్టారూ?" అని మెల్లగా అన్నాడు.

అప్పుడు గట్టు మలుపులో హారన్ వినిపించింది. మా కారు హారనే, చివర కొంచెం బొంగురు పోతుంది. కొబ్బరిచెట్ల మధ్య నుంచి మీగడరంగు బోనెట్ బయటికి వచ్చింది. స్టీరింగు ముందు మా ఆవిడ, పక్కన వదిన. వదిన చేతిలో తాటాకు బుట్ట. మమ్మల్ని చూశాక కూడా కారు తడబడలేదు. వాకిట్లోకి వచ్చి, ఒకసారి ఆగి, వెనక్కి తిప్పుకుని తిన్నగా షెడ్డులోకి దూరి ఆగింది. నేను ఆ షెడ్డులోకి కారు పెట్టాలంటే నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ పోతాను.

వదిన దిగింది. "అదేంటి, అందరూ ఇక్కడే ఉన్నారు? ఎవరికైనా ఏవన్నా అయ్యిందా?"

మా ఆవిడ డ్యాష్‌బోర్డు అర తీసి, అందులోంచి ఏదో గుప్పిట్లో పెట్టుకుని దిగింది. అలవాటుగా వెనక చక్రం దగ్గరకు వంగబోయి ఆగిపోయింది. గుప్పిట్లోది సుద్దముక్క. మా వాకిట్లో రోజూ ముగ్గు పెట్టే చేయి అది. అంత నిటారు గీత ఇంట్లో ఇంకెవరు గీయగలరు? నేను కాలువ మీద ఎగువదాకా వెళ్ళి వెతికాను గానీ, మా వాకిలి వైపు చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"అక్క నేర్పింది," అంది మా ఆవిడ. "అక్క వాళ్ళ నాన్నగారి జీపు మీద నేర్చుకుంది."

అన్నయ్య వదిన వైపు తిరిగాడు. "నీకు కారొచ్చా? నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

"పెళ్ళైన కొత్తల్లో చెప్పాను. కాలువలో పెడతావు, వద్దన్నారు. మళ్ళీ చెప్పలేదు."

"పెట్రోలు?"

"మీ జేబులోదే."

అన్నయ్య చొక్కా జేబు తడుముకున్నాడు. అంతమందిలో నాకు నవ్వొచ్చింది గానీ, వెంటనే చందువ పులుసు గుర్తొచ్చి ఆగిపోయాను.

మిల్లు యజమాని కారు చుట్టూ తిరిగాడు. మడ్‌గార్డు లోపలికి వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. "సముద్రానికెళ్ళిన బండండి ఇది," అన్నాడు బాధగా. తర్వాత బోనెట్ మీద చేయి ఆనించి, వేడి తగిలి తీసేశాడు. కాసేపాగి మళ్ళీ ఆనించాడు.

మా ఆవిడ ఆయన ముందుకు వెళ్ళింది. పరాయివాళ్ళ ముందు ఆవిడ గొంతు నేను ఎక్కువసార్లు వినలేదు.

"బండి ఇవ్వమండి."

"అమ్మా, మాస్టారు చెప్పారు..."

"ఆయన వంతు ఆయన ఇస్తారేమో. పొద్దస్తమానం ఇంట్లో ఉంటానండి. సాయంత్రం ఆ కాసేపు గట్టు మీద గాలి మొహానికి తగుల్తుంటే బాగుంటది. మొగల్తూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంటది. అక్కడ టాప్ గేరు వేస్తాను. మీరు దాన్ని స్టాండు మీదెక్కిస్తే నేనేం చెయ్యాలి? వచ్చి పలక చదువుకోనా?"

ఆయన నా వైపు చూశాడు. నేనేమైనా అంటానేమోనని చూశాడు. నిజానికి అనవలసింది చాలా ఉంది. ఉప్పుగాలి గురించి ఉంది, నాన్నగారి గురించి ఉంది, నా వెనక ఇన్నాళ్ళు జరిగినదాని గురించి ఉంది. కానీ ఆ హాలులో అగరొత్తుల వాసన గుర్తొచ్చింది. ఇక్కడ షెడ్డంతా పెట్రోలు, వేడెక్కిన నూనె, పచ్చి చేప కలిసిన వాసన నిండి ఉంది. ఇంజిన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. నాన్నగారు పొలం నుంచి వచ్చాక వాకిట్లో ఆ చప్పుడు వినేవాళ్ళం.

"ఇంట్లోవాళ్ళు ఒద్దంటున్నారండి," అన్నాను.

మిల్లు యజమాని చెప్పులు గచ్చుకు రాసుకున్నాడు. "నలుగురూ కలిసి బాగా ఆడారండి నాటకం. ఇంకా మంచి రేటు చెబుతానని కదా? నాకు తెలీదనుకున్నారా?" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. కారెక్కేముందు మాత్రం మా ఆవిడను అడిగాడు. "చలికాలం ఇంజిన్ ఎన్నోసారికి అందుకుంటదమ్మా?" "చోకు లాగితే రెండోసారికండి," అంది. ఆయన తలూపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఆ సాయంత్రం నలుగురం అన్నయ్య అరుగు మీదే కూర్చున్నాం. మామయ్య వేసిన వంతులు అలాగే ఉన్నాయి. అయితే ఎవరి వంతైనా సాయంత్రాలు ఈ తోటికోడళ్ళిద్దరివి. ఎగువ, దిగువ అని లేకుండా. అన్నయ్య పెట్రోలు సంగతి ఎత్తబోతే వదిన మేత బస్తాల సంగతి ఎత్తింది. నేను ఉప్పు సంగతి ఎత్తాను.

"వచ్చిన ప్రతిసారీ కడుగుతున్నామండి," అంది మా ఆవిడ. "బావగారు వెళ్ళని పాత చెరువు గట్టు మీద, బోరు నీళ్ళతో."

"చెరువు బోరా! అది ఉప్పునీరు! సముద్రాన్ని సముద్రంతో కడిగారా?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొదటిసారి ఆ ఇంట్లో నా చదువు పనికొచ్చింది. అప్పటి నుంచి అడుగు రేకు కడగడం నా పని. కాలువ నీళ్ళు బిందెలతో తెచ్చుకుని, పడుకుని, కింద నుంచి కడుగుతాను. కడుగుతూ ప్రతి బోల్టునూ చూస్తాను. ఇంజిన్ అసలుదే. అన్నయ్య మార్పించలేదు. దాని నంబరు నేనే గీకి చూసుకున్నాను.

ఒక మాట మాత్రం తీసుకున్నాను. సముద్రం మీద నుంచి గాలి బలంగా వీచే నెలల్లో కారు గట్టు దాటకూడదు. తిప్పుకుంటే ఊరి గట్టు మీదే. ఇద్దరూ సరేనన్నారు. వదిన మరీ తొందరగా సరేనంది.

ఇప్పుడు ఆ నెలలే. నా వంతు నడుస్తోంది. మొన్న గ్రంథాలయం నుంచి వచ్చి షెడ్డులోకి వెళ్ళాను. బోనెట్ వెచ్చగా ఉంది. అది ఒప్పందంలో ఉన్నదే. పట్టా ఎత్తి చూశాను. ఇసుక రేణువు లేదు. పట్టా మామూలు కంటే శుభ్రంగా ఉంది. కుట్టు సందులో వేలు పెట్టి వెతికాను. అక్కడా శుభ్రమే. సముద్రం వైపు నుంచి గాలి ఈదురుగా కొడుతోంది. వదిన ఇంటి వైపు నుంచి నవ్వులు వినిపించాయి.

లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. "ఏం కూర?" అని అడిగాను.

"వంకాయండి," అంది మా ఆవిడ, నా మొహంలోకి సూటిగా చూస్తూ.

వంకాయ కూర చాలా బాగుంది. రెండోసారి వేయించుకోలేదు. ఈ కాలంలో, ఇంత మంచి సాయంత్రం పూట, కావాలని వంకాయ ఎందుకు వండిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.